హాజరు పట్టీ నుంచి ఆయుధశాలకు: జపాన్ బాలికల బడుల యుద్ధకాలం

యుద్ధం వస్తే బడులు మూతపడతాయని అనుకుంటాం. 1944-45లో జపాన్ బాలికల ఉన్నత పాఠశాలల్లో జరిగింది వేరు. అక్కడ పాఠాలు ఆగాయి గానీ బడి ఆగలేదు. తరగతి, హాజరు పట్టీ, క్లాస్ టీచరు, పిలవగానే వరుసలో నిలబడే అలవాటు అన్నీ అలాగే ఉన్నాయి. పన్నెండు నుంచి పదిహేడేళ్ల పిల్లల్ని కర్మాగారాలకు, ఇళ్ల కూల్చివేతకు, చివరికి జపాన్ దక్షిణాన ఉన్న ఒకినావా దీవి యుద్ధరంగానికి చేర్చింది ఆ ఏర్పాటే. దాన్ని పక్కనపెట్టి 'త్యాగం' అని పొగిడినా, 'పాపం' అని జాలిపడినా అసలు సంగతి చేజారుతుంది.

ఇదంతా ఒక్కరోజులో జరగలేదు. 1938లో సెలవుల్లో కొద్దిరోజుల శ్రమసేవగా మొదలైంది. 1944 మార్చిలో ఏడాది పొడవునా పని అయింది. అదే ఏడాది ఆగస్టు 23న విద్యార్థి శ్రమ శాసనం వచ్చింది. 1945 మార్చిలో ప్రాథమిక తరగతులు తప్ప మిగతా చదువులన్నీ ఏప్రిల్ నుంచి ఏడాదిపాటు ఆపేయాలని మంత్రివర్గం తీర్మానించింది. యుద్ధం ముగిసేసరికి పనుల్లో ఉన్న విద్యార్థులు, అబ్బాయిలూ అమ్మాయిలూ కలిపి, 30 లక్షల పైమాటే. చదువు కాలం అయిదేళ్ల నుంచి నాలుగేళ్లకు తగ్గడంతో 1945 మార్చిలో రెండు తరగతులు ఒకేసారి పట్టా పుచ్చుకున్నాయి. పట్టా చేతికొచ్చినా విడుదల లేదు, చాలామంది అదే కర్మాగారంలో కొనసాగారు. కూలి కూడా అమ్మాయి చేతికి నేరుగా రాలేదు. బడి ద్వారా, ఫీజు మినహాయించుకుని వచ్చేది. పాఠాలు లేని చదువుకు ఫీజన్నమాట.

బాలికల బడుల్లో కుట్టుపనికి ముందునుంచీ చాలా గంటలు కేటాయించేవారు. అందుకే కొన్ని చోట్ల పిల్లల్ని బయటికి పంపడం కూడా అవసరం కాలేదు. తరగతి గదుల్లోంచి బల్లలు తీసేసి, కుట్టుమిషన్లు వేసి, సైనిక దుస్తులు కుట్టించారు.

బెలూన్ బాంబుల పని అంతకన్నా గడ్డుది. పసిఫిక్ దాటి అమెరికా మీద పడాల్సిన ఆ బెలూన్ వ్యాసం సుమారు 10 మీటర్లు. పట్టు కాదు, రబ్బరు కాదు, కోజో చెట్టు బెరడుతో చేసిన చేతి కాగితం. కొన్న్యాకు దుంప పిండిని ఉడికించి జిగురు చేస్తారు. పలక మీద కాగితం పరిచి, జిగురు పూసి, ఇంకో కాగితం వేసి, మధ్యలో గాలి లేకుండా అరచేత్తో రుద్దుతారు. అలా మూడు నుంచి అయిదు పొరలు. ఆరాక ఊడదీసి, వెనక దీపం వెలిగే అద్దం మీద పెట్టి పరీక్షిస్తారు. బుడగ కనిపించినా, ఒకచోట పలచబడినా అతుకు వేయాలి. లేకపోతే హైడ్రోజన్ కారిపోతుంది, బెలూన్ సముద్రంలోనే కూలుతుంది. మడిస్తే విరగకుండా గ్లిజరిన్ పట్టిస్తారు. ఇలాంటి కాగితాలు సుమారు 600 అతికితే ఒక బెలూన్. దాన్ని ఊది చూడటానికి ఎత్తయిన పైకప్పు కావాలి, అందుకే నాటకశాలలు, టోక్యోలోని సుమో కుస్తీ మందిరం దీనికి వాడారు. చలికాలంలో తడి జిగురులో వేళ్లు పగిలేవి. ఆకలికి ఆ జిగురునే దొంగిలించి తిన్నవాళ్లున్నారు. ఇంతా చేసి, ఏం తయారుచేస్తున్నారో చాలామందికి చెప్పలేదు. 1944 నవంబరు నుంచి 1945 ఏప్రిల్ దాకా సుమారు 9,300 బెలూన్లు వదిలారు. వాటిలో ఒకటి 1945 మే 5న ఆరెగాన్ అడవిలో పేలి, అక్కడికి విహారానికి వచ్చిన ఓ గర్భిణిని, అయిదుగురు పిల్లల్ని చంపింది.

పై తరగతులు కర్మాగారాలకు వెళ్లిపోతే బడిలో మిగిలింది మొదటి, రెండో ఏడాది పిల్లలు. యంత్రాల పనికి వీళ్లు చిన్నవాళ్లు. హిరోషిమాలో ఈ వయసే ప్రాణం తీసింది. బాంబుదాడిలో మంటలు వ్యాపించకుండా ఇళ్ల వరుసల్ని పడగొట్టి ఖాళీ స్థలాలు చేస్తున్నారు. పెద్దలు స్తంభాలు కోసి తాళ్లతో లాగి ఇల్లు కూలిస్తే, పిల్లలు పెంకులు చేతులు మార్చుకుంటూ అందించాలి, మేకులు ఏరాలి, కర్రలు మోయాలి. 1945 ఆగస్టు 6 ఉదయం 8:15కి అణుబాంబు పడేసరికి వాళ్లు పనికి దిగిన చోటు ఆరుబయట, నగరం నడిబొడ్డున, చాటుకు ఒక గోడ కూడా లేకుండా. ఆ రోజు కూల్చివేత పనుల్లో ఉన్న సుమారు 8,400 మంది విద్యార్థుల్లో దాదాపు 6,300 మంది చనిపోయారు. పురపాలక బాలికల పాఠశాల ఒక్కటే టీచర్లతో కలిపి 676 మందిని కోల్పోయింది. తరగతిని తరగతిగా పంపారు కాబట్టి తరగతులకు తరగతులే పోయాయి. జ్వరం వచ్చో మరో కారణానో ఆ పూట రానివాళ్లు మిగిలారు.

అదే నగరంలో ట్రామ్ కంపెనీ 1943లో తానే ఒక బాలికల పాఠశాల తెరిచింది. కొంతసేపు చదువు, కొంతసేపు ట్రామ్ మీద కండక్టరుగానో డ్రైవరుగానో పని. పల్లెల పేదింటి అమ్మాయిలకు ఇది చదువుకునే అవకాశంలా కనిపించింది, కంపెనీకి మాత్రం సైన్యంలోకి వెళ్లిన మగవాళ్ల ఖాళీ నిండింది. బాంబు పడిన మూడోరోజు ట్రామ్ మళ్లీ కదిలినప్పుడు పనిలో ఈ అమ్మాయిలున్నారు. యుద్ధం ముగిసింది, బడీ మూసేశారు.

బడి ఎంత పదునైన సాధనమో ఒకినావాలో తేటతెల్లమైంది. ఆడవాళ్లను (17 నుంచి 40 ఏళ్లు) సైనిక సేవకు పిలిచే చట్టం వెలువడింది 1945 జూన్ చివర్లో, అప్పటికి అక్కడి యుద్ధం దాదాపు ముగిసింది. కానీ మార్చి 23 రాత్రే ఒకినావా మొదటి బాలికల ఉన్నత పాఠశాల, నార్మల్ స్కూల్ (టీచర్ల శిక్షణ పాఠశాల) మహిళా విభాగాల నుంచి 222 మంది విద్యార్థినులు, 18 మంది టీచర్లు హయేబారు సైనిక ఆసుపత్రికి బయల్దేరారు. తర్వాత హిమెయురి దళంగా పేరుపడింది వీళ్లే. చట్టం లేని చోట టీచరు మాట సరిపోయింది. ఆసుపత్రి అంటే కొండల్లో తవ్విన సొరంగాలు. నీళ్లు, అన్నం మోయడం, మలమూత్రాలు ఎత్తిపోయడం, కోసేసిన కాళ్లూ చేతులూ బయటికి తీసుకెళ్లి పూడ్చడం వీళ్ల పని. ఫిరంగుల మోత మధ్య, మార్చి 29 రాత్రి కొవ్వొత్తి వెలుగులో పట్టాల ఉత్సవం కూడా జరిపారు. బడి తన పద్ధతిని అక్కడా వదల్లేదు.

తర్వాత జూన్ 18న దళాన్ని రద్దుచేసి, ఇక ఎవరి దారి వాళ్లు చూసుకోమన్నారు. అప్పటిదాకా సుమారు మూడు నెలల్లో పోయినవాళ్లు 19 మంది. ఆ ఆజ్ఞ తర్వాత కొద్దిరోజుల్లోనే వందమందికి పైగా పోయారు. మొత్తం 240 మందిలో 136 మంది మరణించారు. తెచ్చినప్పుడు బడి పేరు, వదిలేసినప్పుడు ఎవరి పేరూ లేదు. నన్నడిగితే, మొదటి ఆజ్ఞ కన్నా ఈ రెండో ఆజ్ఞకే జవాబుదారీ ఎక్కువ.

యుద్ధం తర్వాత ఆ రెండు బడులూ మళ్లీ తెరుచుకోలేదు. 1989లో ఒకినావాలో హిమెయురి మ్యూజియం కట్టి, చనిపోయిన ఒక్కొక్కరి ఫొటో, పేరు పెట్టింది ప్రభుత్వం కాదు, పూర్వ విద్యార్థినుల సంఘం.