చార్మినార్ చుట్టూ బండ్లు నిన్నమొన్నటివి కావు

"కుతుబ్ షాహీల కాలంలో చార్మినార్ చుట్టూ అంతా ఖాళీగా ఉండేది. పత్తర్‌గట్టీ రాతి కమానులూ అప్పటివే. ఈమధ్య తోపుడు బండ్లవాళ్లు చేరి పాడుచేశారు. వాళ్లను పంపించేస్తే పాత వైభవం తిరిగొస్తుంది." ఈ మెసేజ్ వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. చదువుకున్నవాళ్లు కూడా నిజమేనంటూ పంచుకుంటున్నారు.

ఖాళీగా ఉండేదన్న మాటే తప్పు. 1591లో చార్మినార్ కట్టినప్పుడే నాలుగు దిక్కులకూ నాలుగు బజార్లు వచ్చేలా ఊరిని గీశారు. 1660ల్లో ఇక్కడికి వచ్చిన ఫ్రెంచి యాత్రికుడు థెవెనో చార్మినార్ బయటి అందాన్ని ఎంతో మెచ్చుకున్నాడు. ఆ వెంటనే విసుక్కున్నాడు కూడా. చుట్టూ కర్రలతో కట్టి గడ్డి కప్పిన అంగళ్లున్నాయని, వాటిలో పళ్లు అమ్ముతున్నారని, అవి చూడ్డానికి అడ్డమని రాశాడు. గోల్కొండ ఇంకా మొగలుల చేతికి పోలేదు, సుల్తాను ఏలుబడిలోనే పళ్ల దుకాణాలు చార్మినార్‌ని ఆనుకుని ఉన్నాయన్నమాట.

విశాలమైన చౌకు ఒకటి ఉండేది, కాదనను. అది చార్మినార్‌కి ఉత్తరాన, చార్ కమాన్ అనే నాలుగు పెద్ద కమానుల నడుమ, గుల్జార్ హౌజ్ అనే ఫౌంటెన్ ఉన్నచోట. పడమటి కమాను దాటితే రాజభవనాలు ఉండేవి. అవి ఎప్పుడో పోయాయి. ఇప్పుడు ఆ చుట్టుపక్కల నగల దుకాణాలు ఉన్నాయి. వాటిని ఆ మెసేజ్ ఒక్క మాట అనదు. కోపమంతా బండి మీదే.

పత్తర్‌గట్టీ బజారు కుతుబ్ షాహీలది కాదు. 1908 మూసీ వరద తర్వాత, ఏడో నిజాం హయాంలో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు కట్టించింది. చార్మినార్ మీది గడియారాలు 1889లో వచ్చాయి. మరి తిరిగి తేవాల్సిన వైభవం ఏ ఏడాదిది?

పాడుచేసిందెవరో కూడా చూడాలి. ఏళ్ల తరబడి బస్సులు, ఆటోలు చార్మినార్‌ని చుట్టి తిరిగాయి. ఆ పొగ సున్నపు పూతకు పట్టింది. వాహనాలను దూరం పెట్టడం మంచి పనే, దాన్ని గట్టిగా సమర్థిస్తాను. కానీ ఆ పేరు చెప్పి దస్తీలు, సుర్మా, ఖర్జూరాలు అమ్ముకునేవాళ్లను తరమడం అన్యాయం.

చార్మినార్ పక్కనే ఉన్న గాజుల బజారు, లాడ్ బజార్ వెనక సందుల్లోకి వెళ్లి చూడండి. బొగ్గుల సెగ మీద లక్కను మెత్తబరిచి, గాజుగా చుట్టి, అది చల్లారేలోపు ఒక్కో రాయినీ చేత్తో అద్దుతారు. రాయి వంకర పోతే మళ్లీ సెగ చూపించాల్సిందే. ఈ లక్క గాజులకు 2024లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు దక్కింది. చార్మినార్ చూడ్డానికి వచ్చేవాళ్లు కొంటేనే ఈ పని నిలుస్తుంది. రంజాన్ రాత్రుల్లో తెల్లవార్లూ సాగే బేరాలు లేకపోతే ఇక్కడ చాలా ఇళ్లకు ఏడాది గడవదు.

2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ముందు సర్వే చేసి, సర్టిఫికెట్లు ఇవ్వాలి. ఆ పని పూర్తయ్యేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. నడిచే దారి వదిలి గీతలు గీసి, ఎవరి బండి ఎక్కడో రాసివ్వమని అధికారులను అడగండి. ఆ మెసేజ్ మళ్లీ వస్తే ఈ చట్టం సంగతి జవాబుగా పెట్టండి.