సవరణ: తొలి కరెంటు ట్రాము కలకత్తాది కాదు, మద్రాసుది

నాకు ఇష్టమైన నగర రవాణా గురించి రాస్తూ, మన దేశంలో మొదటి విద్యుత్ ట్రాము కలకత్తాలో నడిచిందని రాశాను. అది తప్పు. ఆ ఘనత మద్రాసుది. అక్కడ 1895లోనే కరెంటు ట్రాము పట్టాలెక్కింది, కలకత్తాకు 1902లో గానీ రాలేదు. మద్రాసులో మొదట తీగలు పైన లేవు, వీధిలో తవ్విన సన్నటి కాలువలోంచి కరెంటు అందేది. వానాకాలం ఆ ఏర్పాటును సాగనివ్వలేదు, తర్వాత తీగలు తలపైకి వచ్చాయి. 1953 ఏప్రిల్‌లో ఆ ట్రాములు ఆగిపోయాయి. మద్రాసు తెలుగువారికీ రాజధానిగా ఉన్న రోజులవి, కాబట్టి దీన్ని మరచిపోవడం నాకు మరీ బాధగా ఉంది.

కలకత్తా ట్రాములు 1873 నుంచి ఆగకుండా నడిచాయని అదే టపాలో రాసిందీ సరికాదు. సియాల్దా నుంచి ఆర్మేనియన్ ఘాట్ వరకు గుర్రాలు లాగిన ఆ బండి అదే ఏడాది నవంబరులో నిలిచిపోయింది. మళ్లీ మొదలైంది 1880లో.

ఇష్టం మాత్రం మారలేదు. డ్రైవరు కాలితో నొక్కితే టంగుమనే ఆ గంట, తీగను రాసుకుంటూ సాగే పొడవాటి కడ్డీ, మలుపులో పట్టాల కీచుమనే చప్పుడు: ఇవి వింటూ కిటికీ పక్కన కూర్చుంటే ఊరు నిదానంగా కళ్లముందు కదులుతుంది. పాత టపాలో రెండు తప్పులూ సరిచేశాను.