మూడు గుడ్లకు మూడు పిట్టలు

ఫిలిప్పీన్స్ రాజధాని మనీలా నుంచి పంపాంగా ప్రావిన్సులోని శాన్ ఫెర్నాండో 70 కిలోమీటర్లు కూడా ఉండదు. ఆ కాస్త దూరంలోనే పిట్ట గుడ్డయిపోతుంది.

మనీలా వాళ్ల భాష టగాలోగ్‌లో ‘ఇబోన్’ అంటే పిట్ట. పంపాంగా జనం మాట్లాడే కపంపాంగన్‌లో ‘ఎబున్’ అంటే గుడ్డు. పిట్టను వీళ్లు ‘ఆయుప్’ అంటారు. దానికి ముందు ‘హ’ తగిలిస్తే టగాలోగ్ ‘హాయోప్’, అంటే జంతువు. మనిషిని మొహం మీదే అలా పిలిస్తే పచ్చి తిట్టు. కపంపాంగన్ వాళ్లు టగాలోగ్ మాట్లాడినా ఆ ‘హ’ మింగేస్తారని మనీలా వాళ్ల ఎకసెక్కం. ఇంత మందుగుండు పేర్చిన వంటింట్లోకి డిసెంబరు 24న ఓ మనీలా కోడలు అడుగుపెట్టిందనుకోండి.

అత్తగారు బిబింకా వేస్తున్నారు. మన దిబ్బరొట్టెకు చుట్టమే: కింద నిప్పులు, మూత మీదా నిప్పులు. 2 కప్పుల బియ్యప్పిండి, కప్పు చక్కెర, కప్పున్నర కొబ్బరిపాలు. అరిటాకును సెగ చూపించి మూకుట్లో పరవాలి. పచ్చిది వంచితే చీలి, పిండి కారి అడుగంటుతుంది. ఉప్పులో ఊరిన బాతుగుడ్డు ముక్కలు సగం ఉడికాకే పైన పెట్టాలి, ముందే పెడితే మునిగిపోతాయి. తొందరలో బేకింగ్ పౌడరు కూడా కలిపేశాక చూసుకున్నారు, పిండిలోకి కోడిగుడ్లు లేవు.

“అత్లుంగ్ ఎబున్!” అని కేకేశారు. మూడు గుడ్లు. కోడలి చెవికి అది ‘తత్లోంగ్ ఇబోన్’. మూడు పిట్టలు.

రొట్టెలో పిట్టలేమిటని ఆమెకూ అనిపించింది. కానీ పంపాంగా వంటంటే దేశమంతా లొట్టలేస్తుంది, ఏదో కిటుకు ఉండే ఉంటుంది. పోనీ అడుగుదామంటే మొగుడు వీధిలో క్రిస్మస్ బల్బుల పెద్ద లాంతరు దగ్గర, ఆ బల్బులను వెలిగించి ఆర్పే ఇనుప డ్రమ్ముకు టేపు అంటిస్తున్నాడు. డ్రమ్ము తిరుగుతుంటే వరసగా బిగించిన హెయిర్‌పిన్నులు దాన్ని రాసుకుంటాయి. టేపున్న చోట బల్బు ఆరుతుంది, లేని చోట వెలుగుతుంది. టేపు కాస్త పక్కకు పోయిందా, నక్షత్రం వెలగాల్సిన చోట చీకటి. అలాంటి పనిలో ఉన్నవాణ్ణి గుడ్డా పిట్టా అని ఎవరడుగుతారు?

గంట తర్వాత ఆమె మూడు కౌజుపిట్టల పంజరంతో వచ్చింది. ఈలోగా పిండి పొంగు చల్లారింది, నిప్పులు బూడిదయ్యాయి. పంజరం చూసి అత్తగారు “ఆయుప్!” అన్నారు, పిట్టలా అని. మింగేసిన ‘హ’ను కోడలు తనే కలుపుకుని వింది. ఇక ఏడుపే ఏడుపు.

వేలికంటిన టేపుతోనే మొగుడు పరుగెత్తుకొచ్చి ఇద్దరికీ సర్దిచెప్పేసరికి సాయంత్రమైంది. ఆడకౌజులు గుడ్డు పెట్టేదీ ఎక్కువగా ఆ వేళకే. పంజరంలో ఒకటి పెట్టింది. కోడలు దాన్ని అరచేతిలో పట్టుకొచ్చి, ఈసారి నోరు సరిగ్గా తిప్పి, “ఎబున్” అంది.

అత్తగారు దాన్ని చేత్తోనే తూచారు. కోడిగుడ్డు 50 గ్రాములైతే ఇది 10.

“ఇంకా 14 కావాలి” అన్నారు.