ఆధునిక ఆంగ్ల స్లాంగ్ వారికి ఒక విన్నపం

మహారాజశ్రీ ఆధునిక ఆంగ్ల స్లాంగ్ వారి సముఖమునకు,

తెలుగు మీడియం బడిలో ఇంగ్లీషును ఒక సబ్జెక్టుగా చదివి, అమీర్‌పేటలో స్పోకెన్ ఇంగ్లీషు కోర్సుకు ఫీజు కట్టి, కర్త, క్రియ, కర్మ క్రమం తప్పకుండా నాలుగు వాక్యాలు మాట్లాడగలిగే స్థితికి చేరాక, తమరి గుమ్మం దగ్గర ఆగిపోయిన ఒక తెలుగువాడు సవినయంగా రాసుకుంటున్న విన్నపం ఇది. మా సినిమావాళ్ళు గోదావరి యాసనూ తెలంగాణ యాసనూ కూడా స్లాంగ్ అనే పిలుస్తారు కనుక, ఉత్తరం దారితప్పి వారికి చేరకుండా చిరునామా స్పష్టంగా రాస్తున్నాను. అమెరికా కుర్రకారు నోట పెరిగి, ఫోన్ల మీదుగా లోకమంతా తిరుగుతూ, అంతంతమాత్రమనే మిడ్, భ్రమల్లో తేలే డెలులూ, అబద్ధం కాదనే నో క్యాప్ అనే సంతానంతో ప్రస్తుతం వర్ధిల్లుతున్న తమరికే ఈ లేఖ.

ముందుగా అభినందనలు. ఒకప్పుడు తమరిని గడప తొక్కనివ్వని నిఘంటువుల వారే ఇప్పుడు ఏటా శాలువా కప్పి సత్కరిస్తున్నారు. ఆక్స్‌ఫర్డ్ వారు 2022లో సిగ్గువిడిచిన బద్ధకమనే గాబ్లిన్ మోడ్‌నూ, 2023లో ఆకర్షణ అనే రిజ్‌నూ, 2024లో పనికిమాలిన వీడియోలతో బుద్ధి మందగించడమనే బ్రెయిన్ రాట్‌నూ, 2025లో కోపం రేపే ఎర అనే రేజ్ బెయిట్‌నూ ఆ ఏటి మేటి మాటలుగా ప్రకటించారు. కేంబ్రిడ్జి వారు 2025లో డెలులూతో పాటు స్కిబిడీని కూడా తమ నిఘంటువులో చేర్చుకున్నారు. స్కిబిడీ అంటే బాగుందనీ కావచ్చు, బాగాలేదనీ కావచ్చు, ఏ అర్థమూ లేకుండా సరదాకు అన్నదీ కావచ్చునని వారే వివరణ కూడా ఇచ్చారు. మేము పరీక్షలో ఒకే ప్రశ్నకు ఇలా మూడు జవాబులు రాసి ఉంటే మాస్టారు జవాబుపత్రం మొహాన విసిరికొట్టేవారు.

అయినా స్కిబిడీ నయం. 2025లో డిక్షనరీ డాట్ కామ్ వారు ఏటి మాటగా ఎంచుకున్నది సిక్స్ సెవెన్. ఇది అంకెల జంట, దీనికి ఇదమిత్థమైన అర్థమేమీ లేదని ఎంచుకున్నవారే ఒప్పుకున్నారు. డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో స్థిరపడిన మా బంధువుల ఇంటికి, ఆరు నెలలు ఉండి రమ్మంటే వెళ్ళిన ఒక విశ్రాంత లెక్కల మాస్టారు, మనవరాలినీ దాని స్నేహితులనూ బల్ల చుట్టూ కూర్చోబెట్టి, ‘అమ్మలూ, నలభై రెండూ ఇరవై ఐదూ కలిపితే ఎంత?’ అని అడిగారు. పిల్లలందరూ ఒక్కసారిగా కుర్చీల్లోంచి లేచి, అరచేతులు పైకి తిప్పి త్రాసు పళ్ళేల లాగా కిందికీ మీదికీ ఆడిస్తూ, ‘సిక్స్ సెవెన్’ అని ఇల్లు ఎగిరిపోయేలా అరిచారు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఒక కూడికకు అంతటి స్పందన ఎరుగని మాస్టారు పరవశించిపోయి, వెంటనే ముప్ఫై ఎనిమిదీ పదిహేడూ కలపమన్నారు. ఈసారి ఎవరూ తల ఎత్తలేదు. ఆ పిల్లల టీచర్లు కొందరు తరగతిలో ఆ రెండంకెలూ పలకడాన్నే నిషేధించారన్న సంగతి ఆయనకు తర్వాత తెలిసింది.

ఇక వ్యాకరణం. సకర్మక క్రియకు కర్మ లేకపోతే మా ఇంగ్లీషు మాస్టారి బెత్తం ఊరుకునేది కాదు. ‘షీ గేవ్’ అని ఆపిన పిల్లవాణ్ణి ఏమిచ్చింది, ఎవరికిచ్చింది అని నిలబెట్టి అడిగేవారు. తమరు ‘ఇట్స్ గివింగ్’ అని దర్జాగా ఆపేస్తారు, ఏమిస్తున్నదని అడిగినవాడు వెర్రివాడవుతాడు. ‘షీ ఏట్’ అంటే ఆవిడ భోంచేసిందని కాదట, అదరగొట్టిందట. మెతుకు కూడా మిగల్చలేదని కలిపితే మెప్పు ఇంకా ఘనమట. గచ్చిబౌలిలో ఒక అమ్మాయి రాత్రి పదకొండు గంటలకు అమెరికా బృందానికి తన పని చూపిస్తే, అవతలి కుర్రవాడు ‘దిస్ ఈజ్ సిక్’ అని మెచ్చుకున్నాడు. ఆ అమ్మాయి పాపం తెల్లవారేదాకా కూర్చుని, ఆరోగ్యంగా ఉన్న ప్రోగ్రాముకు రోగం ఏమిటా అని వెతికింది. మర్నాడు సరిదిద్ది పంపుతానంటే ‘బెట్’ అని ఒక్క ముక్క జవాబు వచ్చింది. సరే అన్నాడని ఆమెకు తట్టేలోగా, పందెం ఎంతకు కాస్తున్నాడో అడగవలసి వస్తుందేమోనని ఆ పిల్ల గుండె దడదడలాడింది. అన్ని కాలాలలోకీ మేటి అని అర్థమిచ్చే గోట్ ఒక్కటి మాత్రం క్రికెట్ పుణ్యమా అని మాకందరికీ వంటబట్టింది. అభిమాన ఆటగాణ్ణి మేక అన్నారని ఇప్పుడు మా ఊళ్ళో ఎవరూ కొట్టుకోవడం లేదు.

మాటలు చాలవన్నట్టు బొమ్మలు కూడా. కన్నీళ్ళు కారేలా నవ్వే ముఖాన్ని 2015లో ఆక్స్‌ఫర్డ్ వారు ఏకంగా ఏటి మాటను చేస్తే, మేము కష్టపడి దాన్ని వాడడం నేర్చుకున్నాం. అది ముసలివాళ్ళ నవ్వనీ, నవ్వొస్తే పుర్రె బొమ్మ పెట్టాలనీ ఇప్పుడంటున్నారు. కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ మీద డేంజర్ బోర్డులో పుర్రెను చూసి పదడుగులు దూరం జరుగుతూ పెరిగినవాళ్ళం. మేము చెప్పిన జోకు కింద అదే పుర్రె కనిపిస్తే ఎవరికేమైందోనని ఫోను చేయమా? ఫుల్‌స్టాప్ విషయమైతే మరీ అన్యాయం. చివర చుక్క పెట్టిన ఒక్క మాట జవాబు చదివినవారికి తక్కువ మనస్ఫూర్తిగా తోస్తుందని న్యూయార్క్ రాష్ట్రంలోని బింగమ్‌టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో తేల్చారు. వాక్యం ముగిసిందని చెప్పడానికి పెట్టిన చుక్క, సంబంధం ముగిసిందని చెబుతున్నదని మా చేతికి బెత్తం తగిలిన రోజుల్లో ఎవరూ హెచ్చరించలేదు.

ఈ విడ్డూరాలన్నీ భాషకు సహజమేనని, ఏ భాషా ఒకచోట నిలవదని పెద్దలు చెబుతారు, నేనూ కాదనను. నాకు మింగుడుపడనిది మరొకటి ఉంది. అదే ఇంగ్లీషులో మేము వేలు పెడితే దానికి వేరే పేరు పెడతారు. మీటింగును ప్రీపోన్ చేశామంటే ఇండియన్ల తప్పుడు ఇంగ్లీషని నవ్వుతారు. పోస్ట్‌పోన్‌కు జోడీగా ఈ మాట కావాలని 1913లోనే ఒక పెద్దమనిషి న్యూయార్క్ టైమ్స్ పత్రికకు లేఖ రాసి ప్రతిపాదించాడు. వాళ్ళ పత్రికలో అచ్చయిన మాటను మేము పోషించి పెద్దచేస్తే అది తప్పు, కర్మను మింగేసిన క్రియ మాత్రం కొత్త పోకడ. డూ ది నీడ్‌ఫుల్ అని మా గుమాస్తాలు రాసేది కూడా వెనకటికి దొరల ఉత్తరాలలో ఉన్నదే. తమరు విరిస్తే శైలి, మేము విరిస్తే విరిగినట్టు. ఈ తీర్పు మాటను చూసి ఇచ్చింది కాదు, అన్నవాడి నోరు చూసి ఇచ్చింది.

తమరి వంశచరిత్ర తిరగేస్తే ఈ మర్మం కొంత బోధపడుతుంది. పదహారో శతాబ్దపు ఇంగ్లండులో దొంగలూ దిమ్మరులూ తమలో తాము మాట్లాడుకున్న మరుగుభాష తమరి పూర్వులలో ఒకటి. అవతలివాడికి అర్థం కాకపోవడమే దాని ప్రయోజనం. మా పశువుల సంతలో దళారులు తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని బేరమాడేవారు, పక్కవాడికి ధర తెలియకూడదని. కాని అక్కడ తువ్వాలు కనిపిస్తుంది. మనకు తెలియకుండా ఏదో జరుగుతున్నదని కనీసం తెలుస్తుంది. తమరు మాకు తెలిసిన మాటలే వాడతారు కనుక, లోపలే ఉన్నామనుకుంటూ బయట నిలబడతాం.

మరుగు అవసరమైనవారి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదని కూడా మనవి చేసుకుంటున్నాను. తమరి ఆస్తిలో సింహభాగం అమెరికా నల్లజాతివారిది. చాటుగా దెప్పే షేడ్, గుసగుసల కబురైన టీ, అదరగొట్టే స్లే వంటివాటికి ఊపిరి పోసింది న్యూయార్క్ హార్లెమ్‌లో వేషం, నడక, నాట్యాలతో బాల్‌రూమ్ పోటీలు నడుపుకున్న నల్లజాతి, లాటినో స్వలింగ, ట్రాన్స్ సముదాయాలవారు. అలబామాలో చేయని అత్యాచారం తొమ్మిదిమంది నల్లజాతి కుర్రవాళ్ళ మీద మోపిన ఉదంతం గురించి చెబుతూ, అటువైపు వెళ్ళే తనవారిని మెలకువతో ఉండమని 1938లో గాయకుడు లెడ్ బెల్లీ హెచ్చరించినప్పుడు నోట వచ్చిన మాట వోక్. 2017లో అది ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుకెక్కింది, ఆపైన రాజకీయ వేదికల మీద తిట్టు అయి కూర్చుంది. ప్రాణం కాపాడుకోవడానికి పుట్టిన మాటను సరదాకు ఎత్తుకుపోయి, వాడి పారేసి, దాన్ని ఆలస్యంగా నేర్చుకున్నవాణ్ణి చూసి నవ్వే దర్పం మీదనే నా అభ్యంతరం.

ఆలస్యం గురించి చెప్పక తప్పదు, ఎందుకంటే మా అసలు కష్టం అదే. టిక్‌టాక్‌ను మా ప్రభుత్వం 2020 జూన్‌లో నిషేధించింది కనుక, అక్కడ పుట్టిన మాట రీళ్ళ మీదికెక్కి, మీములలో నలిగి, మాకు చేరేసరికి కొంత ముదిరి ఉంటుంది. మేము దాన్ని నోటుపుస్తకంలో రాసుకుని, వాడుక గమనించి, ఉచ్చారణ సాధన చేసి, ధైర్యం కూడగట్టుకునేలోగా అక్కడ ఏదో బ్యాంకు వారు ప్రకటనలో దాన్ని వాడేసి ఉంటారు. ఇక ఆ మాటకు కర్మకాండ జరిగినట్టే. అప్పుడు మేము దాన్ని పలికితే ఎబ్బెట్టుగా ఉందని, క్రింజ్ అంటారు. పలకకపోతే పుస్తకంలాగా మాట్లాడుతున్నామంటారు. విదేశీ చదువుకు రాసే ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లో ఎనిమిది బ్యాండ్లు తెచ్చుకుని విమానం దిగిన కుర్రవాడు, వ్యాసంలో మాటలు కుదించి రాయకూడదన్న నియమం ఇంకా మరచిపోకముందే, రూమ్మేటు నోట వాక్యానికి మూడుసార్లు బ్రో వింటూ, మిగిలిన మాటల కోసం తల ఊపి నవ్వుతూ గడుపుతాడు. తల ఊపి నవ్వడానికి బ్యాండ్లు ఎవరూ ఇవ్వరు.

కనుక తమరిని కోరేదేమిటంటే, ప్రతి మాట మీదా తయారైన తేదీ, గడువు తీరే తేదీ ముద్రించే ఏర్పాటు చేయించండి. గడువు తీరిన మాటలను మాకు ఇంకో రెండేళ్ళు వాడుకునే వెసులుబాటు ఇప్పించండి, అమెరికాలో వద్దంటే కనీసం మావాళ్ళ మధ్యనైనా. కర్మ లేని క్రియలను అనుమతించే అధికారి ఎవరో తెలిస్తే, ప్రీపోన్ దస్త్రం కూడా ఆయన బల్ల మీద పెట్టించండి, నూరేళ్ళకు పైగా పెండింగులో ఉంది. సిక్స్ సెవెన్‌కు అర్థం ఖరారైతే ఫ్రిస్కోలోని లెక్కల మాస్టారికి ముందుగా తెలియజేయండి. ఆయన తిరుగు టికెట్టు సమయం దగ్గరపడుతోంది.

జవాబు ఇంగ్లీషులోనే పంపవచ్చు. వాక్యాల చివర చుక్కలు పెట్టే రాయండి. మేమేమీ అనుకోం.

ఇట్లు,
తమ విధేయుడు