పీటీ పీరియడ్‌లో తొక్కుడుబిళ్ళ ఆడించండి

2025 జులై 5న మన బెంగళూరు కంఠీరవ స్టేడియంలో నీరజ్ చోప్రా జావెలిన్‌ను 86.18 మీటర్లు విసిరి గెలిచాడు. ఆ పోటీ చూసొచ్చిన పిల్లలు సోమవారం బడికి వెళ్లాక ఏం విసరాలి? చాలా ప్రైవేటు స్కూళ్లలో గ్రౌండే లేదు, ఉన్నచోట అది బస్సుల పార్కింగ్, పరీక్షలొస్తే పీటీ పీరియడ్ కాస్తా లెక్కల సార్ చేతికి పోతుంది. విద్యాహక్కు చట్టం 2009లోనే ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలంది. దాని కోసం అడగడం మానొద్దు. కానీ అది వచ్చేదాకా పిల్లల్ని కూర్చోబెట్టక్కర్లేదు.

తొక్కుడుబిళ్ళనే తీసుకోండి, మన పక్కింటి కన్నడ పిల్లలు కుంటెబిల్లె అనేది దీన్నే. ట్రిపుల్ జంప్‌లో మొదటి గెంతుకు ఏ కాలిమీద లేచామో ఆ కాలిమీదే దిగాలి, రెండోది ఇంకో కాలిమీద, ఆ తర్వాతే ఇసుకలోకి దూకడం. గడుల మధ్య ఒంటికాలిమీద గెంతుతూ, గీత తొక్కకుండా ఆగే పిల్లకి ఆ మొదటి గెంతుకు కావాల్సిన చీలమండ బలం, తూకం ఆడుతూనే వస్తాయి. సుద్దముక్క, కాస్త చోటు ఉంటే చాలు. సిమెంటు కంటే మట్టినేల మంచిది, మట్టి లేకపోతే బూట్లు వేయించి కాసేపే ఆడించాలి.

ఏడు పెంకులాటలో బంతి గురిచూసి విసరడం ఉంది, ఖోఖోలో కూర్చున్నచోటి నుంచి ఒక్క పిలుపుకి లేచి దూసుకెళ్లడం ఉంది, స్ప్రింటర్‌కి కావాల్సింది అదే కదా.

అయితే పిల్లల్ని వదిలేసి సార్ ఫోన్ చూసుకుంటే అది పాఠం కాదు, ఈ మాట గట్టిగానే చెబుతున్నాం. కుడికాలితో ఒక చుట్టు గెంతితే ఎడమకాలితో ఇంకోటి గెంతించాలి. కుడిచేత్తో విసిరేటప్పుడు ఎడమకాలు ముందుండాలని చూపించాలి. అన్నిటికంటే ముఖ్యం, అవుటైన పిల్లల్ని పక్కన కూర్చోబెట్టొద్దు, ఎందుకంటే ముందు అవుటయ్యేది ఎక్కువ ఆడాల్సిన పిల్లలే. ఐదు కప్పగంతులు వేయించి మళ్లీ ఆటలోకి పంపండి. స్పోర్ట్స్ డే నాడు ఎలాగూ గెలిచే నలుగురి కోసమే పీటీ నడపడం మాకు అన్యాయంగా అనిపిస్తోంది.

ఇదేదో పాతకాలం మీద బెంగ అనుకోకండి. ప్రపంచ అథ్లెటిక్స్ సమాఖ్య కూడా చిన్నపిల్లలకు కిడ్స్ అథ్లెటిక్స్ పేరుతో ఆటల్లాగే పరుగెత్తడం, దూకడం, విసరడం నేర్పిస్తోంది. ఐదు నుంచి పదిహేడేళ్ల పిల్లలు సగటున రోజుకు 60 నిమిషాలు ఒళ్లు కదిలించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, వారానికి ఒకట్రెండు పీటీ పీరియడ్లతో అది ఎక్కడ సరిపోతుంది?

మారతహళ్ళి, కె.ఆర్.పురం, వైట్‌ఫీల్డ్ అపార్టుమెంట్లకు అనంతపురం, చిత్తూరు నుంచి మనవల కోసం వచ్చిన అమ్మమ్మలు, తాతయ్యలు ఎంతమందో. ఈ ఆటల రూల్సన్నీ వాళ్లకి కంఠతా వచ్చు. స్కూళ్లు వాళ్లని నెలకో పీరియడ్ పిలవాలి. తల్లిదండ్రులు కూడా వచ్చే పేరెంట్ మీటింగ్‌లో మార్కుల గురించి అడిగే ముందు, ఈ వారం పీటీ ఎన్నిసార్లు జరిగిందని అడగాలి.