చెమట పట్టని ప్రాసెసర్‌కి ఉక్కపోత వైద్యం

"సార్, వైజాగ్ ఉక్కపోతకి స్టాక్ కూలర్ ఆగదు."

పోయిన నెల ద్వారకానగర్‌లో ఒక కంప్యూటర్ షాపులో విన్న మాట ఇది. ఆ మాట అన్న కుర్రాడికి ఇరవై రెండేళ్ళుంటాయేమో. నేను కొన్న ప్రాసెసర్ పెట్టెకి సీలు కూడా తీయలేదు. స్టాక్ కూలర్ అంటే ప్రాసెసర్‌ని చల్లబరచడానికి కంపెనీ అదే పెట్టెలో ఊరికే పెట్టి ఇచ్చే ఫ్యాను. దాని ముఖం చూడకుండానే జాతకం చెప్పేసి, నీళ్ళతో వేడిని లాగే లిక్విడ్ కూలర్ ఒకటి చూపించాడు. ఇలాంటి కుర్రాళ్ళు మీకూ తగిలే ఉంటారు కాబట్టి, అప్పుడు పెట్టే ఆ జాలిచూపు గురించి వేరే చెప్పక్కర్లేదు.

మూడు రోజులు ఆ మాట నన్ను వదల్లేదు. సాయంత్రం బీచ్ రోడ్డులో చొక్కా వీపుకి అతుక్కుపోయి నడుస్తుంటే అప్పుడు అసలు పాయింటు తట్టింది. మనకి ఉక్కపోత ఎందుకు? గాలిలో తేమ ఎక్కువై చెమట ఆరదు కాబట్టి. అంటే ఆ కుర్రాడి వాదన నిలబడాలంటే ముందు ప్రాసెసర్‌కి చెమట పట్టాలి. 1971లో ఇంటెల్ 4004 పుట్టిన దగ్గర్నుంచి ఇవాళ్టిదాకా ఏ ప్రాసెసరూ చంక తుడుచుకున్న దాఖలా లేదు.

వేడిని బయటికి వదిలే కూలర్ అల్యూమినియం రేకులకి కావలసినవి రెండే. గది ఎంత వేడిగా ఉంది, గాలి ఎంత తగులుతోంది. గది పది డిగ్రీలు వేడెక్కితే లోపల ప్రాసెసరూ దాదాపు పది డిగ్రీలు ఎక్కుతుంది. మే నెలలో అది ఇబ్బందే, కాదనను. మరి దానికి మందుగా చూపించిన లిక్విడ్ కూలర్ మాత్రం దేంతో చల్లబడుతుంది? అదే గదిలో గాలితో. అందులో నీళ్ళున్నాయి కదా అని అరకు చలి ఇంట్లోకి రాదు. సముద్రపు ఉప్పుకి క్యాబినెట్ స్క్రూలు తుప్పు పడతాయంటే ఒప్పుకుంటాను. వన్‌టౌన్ వైపైతే పోర్టు దుమ్ముకి నెలకోసారి బ్రష్ పట్టాలన్నా ఒప్పుకుంటాను. ఉక్కపోత అంటే మాత్రం ఒప్పుకోను.

2025 అక్టోబరులో గూగుల్ వాళ్ళు 15 బిలియన్ డాలర్లతో మన విశాఖలోనే ఏఐ హబ్ పెడతామని ప్రకటించారు. గిగావాట్ల లెక్కలో డేటా సెంటర్ అట. పాపం, ఉక్కపోత సంగతి వాళ్ళకెవరూ చెప్పినట్టు లేదు. మన కుర్రాణ్ణి ఒకసారి పంపితే బాగుండును.

అలాగని స్టాక్ కూలర్ మీద నాకు ప్రేమ కారిపోవడం లేదు. దాన్ని పెట్టెలో పెట్టే కంపెనీల తెలివి కూడా చూడండి. ఇంటెల్ వాళ్ళ ఐ5-12400 ప్రాసెసర్‌కి 65 వాట్లని రాస్తారు. ఐ7-13700కీ 65 వాట్లే. పెళ్ళిచూపుల బయోడేటాలో అందరూ 'సాఫ్ట్‌వేర్ ఉద్యోగం' అని రాసుకున్నట్టు. లోపలికి వెళ్ళి చదివితే, పరుగందుకున్నప్పుడు మొదటివాడు 117 వాట్లు తాగుతాడు, రెండోవాడు 219. ఇద్దరికీ కట్టబెట్టింది ఒకే ఫ్యాను. మొదటివాడికి అది సరిపోతుంది. రెండోవాడు వంద డిగ్రీల గడప దగ్గరికెళ్ళి, తనే వేగం తగ్గించుకుని ఆయాసపడుతుంటాడు. ఇక పేరు చివర 'కె' ఉన్న ఖరీదైన రకాలకి 2015 నుంచి అసలు కూలరే ఇవ్వడం లేదు. పెళ్ళిలో ముందు వరుస సోఫాలో కూర్చోబెట్టి, భోజనం మాత్రం హోటల్లో చేసి రండి అన్నట్టు.

నేను కొన్నది 12400. బిగించడానికి ఆదివారం పెట్టుకున్నాను. తప్పు చేశాను. ఆదివారం మా మామగారు ఇంట్లో ఉంటారు.

ఆయన స్టీల్‌ప్లాంటులో బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర పనిచేసి రిటైరయ్యారు. అక్కడి ఫర్నేసులకి గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు. ఆయన మాట్లాడుతుంటే ముగ్గురు మేనత్తల గురించి చెబుతున్నట్టుంటుంది. పదిహేను వందల డిగ్రీల కరిగిన ఇనుము పక్కన ముప్పై ఏళ్ళు నిలబడ్డ మనిషి కూలర్‌ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పారు.

"నట్లు ఏవి బాబూ?"

"నట్లు ఉండవండి. నాలుగు ప్లాస్టిక్ పిన్నులే. నొక్కితే టిక్కుమంటాయి."

"ప్లాస్టిక్కా?" అన్నారు. ఆ ఒక్క మాటలో ముప్పై ఏళ్ళ సర్వీసు అవమానపడింది.

2004లో 775 సాకెట్‌తో, అంటే ప్రాసెసర్ కూర్చునే గూడుతో, వచ్చిన పిన్నులివి. అప్పుడు పుట్టిన పిల్లలు ఇంజినీరింగ్ అయిపోయి ఉద్యోగాలు వెతుక్కుంటున్నారు, పిన్నులు మాత్రం మారలేదు. ఎదురెదురు మూలలు నొక్కాలి. మూడు టిక్కుమన్నాయి. నాలుగోది మూగనోము పట్టింది. దాన్ని గట్టిగా నొక్కితే మొదటిది పైకి లేచింది. మొదటిది నొక్కితే మూడోది. మా ఆవిడ సెల్‌ఫోన్ లైటు పట్టుకుని, "బోర్డు అప్పడంలా వంగుతోందండీ" అంది. మా బావమరిది కంపెనీ ఇచ్చిన కాగితం చదువుతానన్నాడు. అందులో ఒక్క అక్షరం లేదు, అన్నీ బొమ్మలూ బాణాలే. వాడు దాన్ని పది నిమిషాలు తలకిందులుగా చదివాడు. అత్తగారు సింహాచలం అప్పన్నకి మొక్కుకోమన్నారు. మామగారు లుంగీ ఎగ్గట్టి, బోర్డు మీదికి వంగి, ఫర్నేసు మూత బిగిస్తున్నంత గంభీరంగా బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కారు. టిక్! వంటింట్లోంచి కూడా చప్పట్లు వినిపించాయి. కంప్యూటర్ ఆన్ చేస్తే ఫ్యాను తిరగడం లేదని తెర మీద రాసుకొచ్చింది. వైరు తగిలించడం మరిచిపోయాం.

ఇంటెల్‌కి పోటీ కంపెనీ ఏఎండీ వాళ్ళు ఈ విషయంలో నయం. వాళ్ళ చిన్న కూలర్ రెయిత్ స్టెల్త్‌కి నాలుగు స్క్రూలుంటాయి, మనుషులు బిగించగలరు. కానీ వాళ్ళ పాత ఏఎం4 సాకెట్ బోర్డుల్లో ఇంకో తమాషా. కూలర్ ఊడదీయబోతే, వేడి దాటడానికి రెంటి మధ్యా పూసే పేస్టుకి అతుక్కుని ప్రాసెసర్ కూడా కాళ్ళతో సహా లేచొస్తుంది. మూలిక తెమ్మంటే కొండే పెకలించుకొచ్చిన హనుమంతుడి టైపు. 2022లో కొత్త సాకెట్ ఏఎం5 వచ్చాకే ఆ భక్తి తగ్గింది.

మా దగ్గరైతే నాలుగైదుసార్లు ఎత్తి దించడంలో, కంపెనీ వాళ్ళు పూసి పంపిన పేస్టు సగం మామగారి బొటనవేలికి వెళ్ళిపోయింది. కొత్త ట్యూబు కోసం మర్నాడు మళ్ళీ అదే షాపుకెళ్ళాను.

కౌంటర్ దగ్గర ఒక తండ్రీ కొడుకూ. గాజువాక నుంచి వచ్చారట. తండ్రి లారీ నడుపుతారు, కొడుకు బీటెక్ మొదటి సంవత్సరం. బిల్లు కౌంటర్ మీదే ఉంది, చదివాను. నేను కొన్న ప్రాసెసరే. ర్యామ్ 8 జీబీ, ఒకటే ముక్క. కంప్యూటర్‌కి కరెంటు అందించే డబ్బా, ఎస్‌ఎంపీఎస్, ఎవరూ పేరు వినని కంపెనీది. కూలర్ మాత్రం రంగురంగుల లైట్లున్న లిక్విడ్ కూలర్, ఎనిమిదిన్నర వేలు.

"వైజాగ్ ఉక్కపోతకి స్టాక్ కూలర్ ఆగదండి," అంటున్నాడు కుర్రాడు.

"మాకేటి తెల్దు బాబూ. మావోడి సదువుకి ఏది మంచిదైతే అదే ఎయ్యండి."

ఆ డబ్బుతో ర్యామ్ పెంచొచ్చు. మంచి ఎస్‌ఎంపీఎస్ వెయ్యొచ్చు. కరెంటు పోయినప్పుడు ఆదుకునే యూపీఎస్ కొనొచ్చు. పెట్టెలో ఊరికే వచ్చిన ఫ్యానుతో హాయిగా నడిచే ప్రాసెసర్‌కి, రాత్రుళ్ళు నిద్రమాని లారీ తోలిన మనిషి చేత ఎనిమిదిన్నర వేలు కక్కిస్తున్నారు. పిల్లాడి చదువు అన్న మాట ఎరగా వేసి మరీ. దీనికి వ్యాపారం అని పేరెందుకు? దొంగతనం. జేబులు కొట్టేవాడు నయం, వాడు మనల్ని 'సార్' అనడు.

ఉండబట్టలేక చెప్పాను. కుర్రాడు నవ్వి ఊరుకున్నాడు. పిల్లాడు నన్ను శత్రువులా చూశాడు. వాడికి ఆ లైట్లు కావాలి. పద్దెనిమిదేళ్ళ వయసు, వాడిదేం తప్పు లేదు. తండ్రి మాత్రం నావైపు మర్యాదగా తిరిగి, "షాపోల్లకి తెల్దా బాబూ," అని నోట్లు లెక్కపెట్టారు.

కుర్రాడు పెట్టె విప్పి ప్రాసెసర్ తీసుకున్నాడు. "ఇది మీకు అక్కర్లేదు కదండీ," అంటూ స్టాక్ కూలర్‌ని కౌంటర్ కింద పడేశాడు. వాళ్ళు వెళ్ళిపోయారు. నా వెనకున్నాయన ముందుకొచ్చారు. పెట్టె లేకుండా అమ్మే ట్రే ప్రాసెసర్, ఐ3-12100 కొన్నారు.

"దీనికి కూలరో?"

కుర్రాడు కౌంటర్ కిందికి వంగాడు. "స్టాక్ కూలర్ ఉంది సార్. ఒరిజినల్, కంపెనీది. ఆరు వందలు."

"మన ఉక్కపోతకి ఆగుద్దా?"

"ఏసీ కూడా అక్కర్లేదు సార్."