సవరణ: డబ్బులు ఆపడం అంటే తాళం వేయడం కాదు

తాగుడికి అలవాటుపడి, మాతో తెగతెంపులు చేసుకుని విజయవాడలో ఉంటున్న మా అబ్బాయికి ఇకపై డబ్బులివ్వబోమని మొన్న రాశాను. కొందరు ‘గెంటేశారన్నమాట’ అన్నారు. ఒకాయనైతే కొడుకుని గదిలో పెట్టి తాళం వేస్తే సరిపోతుందా అని అడిగారు. అందుకే ఈ వివరణ.

మేం ఆపింది చేతికిచ్చే డబ్బు, వాడి అప్పులు తీర్చడం. మాటలు ఆపలేదు. రాత్రి పదకొండింటికి బస్టాండు నుంచి ఫోన్ చేసి "అమ్మా, రెండు వేలు ఫోన్‌పే చెయ్" అంటాడు. "డబ్బులు వెయ్యను నాన్నా. తిన్నావా? తాగకుండా గుంటూరు రా, అన్నం పెడతా" అంటాను. తిడతాడు. పెట్టేస్తాను. మర్నాడు నేనే చేస్తాను. బంధువులకూ ఈ సంగతి చెప్పి ఉంచాం, లేకపోతే వాళ్ల పిన్ని దగ్గర అప్పు పుట్టేస్తుంది.

తాళం మాత్రం వద్దు. రోజూ బాగా తాగేవాళ్లని ఒక్కసారిగా మాన్పిస్తే వణుకు, చెమటలతో మొదలై ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజుల్లో మతి తప్పి ప్రాణం మీదికీ రావచ్చు. డాక్టరు చూస్తుండగానే మాన్పించాలి. ఫిట్స్ వచ్చినా, మనుషుల్ని గుర్తుపట్టకపోయినా వెంటనే 108కి ఫోన్ చేయండి. అలాంటప్పుడు వైద్యం ఖర్చు మేమే పెట్టుకుంటాం, కాకపోతే నేరుగా ఆసుపత్రి కౌంటర్లో కడతాం.

ఎక్కడ చూపించాలో తెలియకపోతే మత్తు విముక్తి హెల్ప్‌లైన్ 14446. కన్నవాళ్ల టెన్షన్ చెప్పుకోవడానికి టెలీమానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416. రెండూ టోల్‌ఫ్రీ.